పంపువారి పేరు

బెజవాడలో మా వీధి చివర ఒక కొరియర్ కొట్టుంది. గోడ మీద రెండు బోర్డులు. పైదాని మీద 'ఆహార పదార్థములు స్వీకరించబడవు'. దాని కిందే ఎర్ర అక్షరాలతో 'అమెరికాకు పచ్చళ్ళు, పొడులు, స్వీట్లు పంపబడును'. ఇదేమిటయ్యా అని కౌంటర్లో కుర్రాణ్ణి అడిగితే, "పైది రూలు మేడమ్, కిందది బిజినెస్" అన్నాడు. ఈ వారం నా చెవిన పడిన మాటల్లో తేలిగ్గా అర్థమైంది అదొక్కటే.

డాలస్‌లో ఉన్న మా అమ్మాయికి కొత్తావకాయ పంపాలి. కుర్రాడు కాగితం మీద 'డ్రై స్నాక్స్' అని రాయమన్నాడు. దార్లో నూనె కారితే ఆ మాట ఎలా నిలబడుతుందో తెలీదు. ఆవకాయని ఆవకాయ అని రాసే వీలు లేని చోట నాకేం పని అనుకుని పోస్టాఫీసుకి వెళ్ళాను.

'బడును'తో ముగిసే వాక్యాల మీద నా కక్ష ఈ కాలమ్ చదివేవాళ్ళకి కొత్త కాదు. కరెంటు బిల్లు వెనక నిబంధనల మీద రాశాను, తాసీల్దారు నోటీసు మీద రాశాను, 'సదరు' మీద రాసినప్పుడైతే ఒక రిటైర్డు రెవెన్యూ ఉద్యోగి నన్ను మందలిస్తూ ఉత్తరం కూడా రాశారు. ఎవరు చేస్తారో చెప్పని వాక్యం ఎవరూ చెయ్యని పనికి ముందుమాట అని నా నమ్మకం. కాబట్టి విదేశీ పార్సిల్ ఫారం చేతికిచ్చేసరికి, వచ్చే వారానికి సరిపడా తిట్లు దొరికాయని సంబరపడ్డాను.

దొరికాయి కూడా. సీఎన్ 22, సీఎన్ 23 అని రెండు ఫారాలు. 1874లో స్విట్జర్లాండులోని బెర్న్‌లో పుట్టిన ప్రపంచ తపాలా సమాఖ్య వీటిని నడుపుతుంది. దాని అధికార భాష ఫ్రెంచి. సరుకు విలువ 300 ఎస్‌డీఆర్ దాటితే పెద్ద ఫారం. ఎస్‌డీఆర్ అంటే రూపాయీ కాదు, డాలరూ కాదు. అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల్లో తప్ప ఏ సంతలోనూ చెల్లని కొలత. ఆ పైన ప్రతి వస్తువుకీ ఒక హెచ్ఎస్ కోడు. పచ్చళ్ళకి అందరూ రాసేది 2001తో మొదలయ్యేది. ఆ పద్దు కింద ఉన్న వర్ణన చదివితే, వెనిగర్‌తో గానీ ఎసిటిక్ ఆమ్లంతో గానీ నిలవ చేసిన కూరగాయలూ పండ్లూ అని ఉంటుంది. ఆవకాయలో వెనిగర్ ఎక్కడిది? ఆ మాట మా అత్తగారి చెవిన వెయ్యలేదు.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. మా పుట్టిల్లు తాడేపల్లిగూడెం దగ్గర. పక్కనే మాధవరం, మిలిటరీ మాధవరం అంటే తెలియనివాళ్ళుండరు. ఆ గాలి మా ఊరికీ సోకి మా చిన్నమావయ్య సైన్యంలో చేరాడు. ఆయన ఎక్కడున్నాడో మాకు తెలిసేది కాదు. అడ్రసులో నంబరు, రెజిమెంటు, 56 ఏపీఓ, అంతే. ఆయన మంచులో ఉన్నాడో ఇసకలో ఉన్నాడో తెలియకుండానే సంక్రాంతికి అరిసెలు, చలికాలంలో మినపసున్ని, వేసవి పోతూ పోతూ మాగాయ వెళ్ళేవి. మాగాయని ఎండబెట్టి, నూనె ఒక్క చుక్క పైకి తేలకుండా గట్టిగా చేసి డబ్బాలో కుక్కేది అమ్మ. మూత చుట్టూ మైదా ఉడికించిన జిగురుతో కాగితం అంటించేది. ఆ పైన తెల్లగుడ్డ. దబ్బనంతో కుట్టు ఎంత దగ్గరగా వేసేదంటే, పోస్టుమాస్టారు డబ్బాని తిప్పి చూసి "ఇది విప్పాలంటే మళ్ళీ కుట్టినావిడే రావాలి" అనేవాడట. కుట్టు మీద అక్కడక్కడా లక్క కరిగించి సీలు వెయ్యాలి. లక్క వాసన, బెల్లప్పాకం వాసన కలిస్తే ఇప్పటికీ నాకు సెలవులు గుర్తొస్తాయి.

అన్నీ అయ్యాక నాన్న వచ్చేవారు. చేతులు కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, పుల్లకి దూది చుట్టి సిరాలో ముంచి, గుడ్డ మీద గుండ్రటి అక్షరాలతో అడ్రసు రాసేవారు. ఎడమ పక్కన కింద 'పంపువారు' అని రాసి ఆయన పేరు. మావయ్య ఉత్తరాలు కూడా "బావగారికి నమస్కారములు, తమరు పంపిన అరిసెలు అందినవి" అనే మొదలయ్యేవి. అమ్మ వాటిని నాన్న చేత రెండుసార్లు చదివించుకుని మురిసిపోయేది. అందులో తన పేరు లేదన్న సంగతి ఆవిడకే కాదు, మాకెవరికీ తట్టలేదు. రైతు పేరు ధాన్యం బస్తా మీద ఉంటుందా, అలాగే.

సరే, ఫారం. తపాలా గుమాస్తా మంచివాడు. అమెరికాకి తినే వస్తువు పోవాలంటే ముందస్తు నోటీసు ఉండాలేమో చూసుకోండమ్మా అన్నాడు. ఇంటికొచ్చి ఆ నిబంధన తీసి చదివాను. 2001 దాడుల తర్వాత, 2002లో అమెరికా బయోటెర్రరిజం చట్టం చేసింది. దాని ప్రకారం 2003 డిసెంబరు నుంచి బయటి దేశం తిండి ఏది వచ్చినా వాళ్ళ ఆహార, ఔషధ శాఖకి ముందే తెలియజెయ్యాలి. పోస్టులో పంపితే ఆ నోటీసు నంబరు పార్సిల్‌తో పాటే వెళ్ళాలి. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి చదివి నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. ఒక వ్యక్తి తన సొంతింట్లో తయారుచేసి, ఆ వ్యక్తే, వ్యాపారం కోసం కాకుండా, అమెరికాలో ఉన్న మరో వ్యక్తికి కానుకగా పంపే ఆహారానికి ముందస్తు నోటీసు అక్కర్లేదు.

కొట్లో కొన్న పూతరేకులకి నోటీసు కావాలి. ఇంట్లో చేసిన ఆవకాయకి వద్దు. అనుమానమొస్తే విప్పి చూడరని కాదు. గోంగూర మటన్‌కి ఈ దారి పనికిరాదు, మాంసం సంగతి వేరే శాఖది. పచ్చి కరివేపాకు రెమ్మని అసలు రానివ్వరు, నిమ్మజాతి చెట్లకి తెగులు తెచ్చే పురుగు దాని మీద బతుకుతుందని. ఇన్ని మెలికలున్నాయి. అయినా ఆ వాక్యం మీద నాకు కోపం రాలేదు. తిట్టడానికి కూర్చున్నదాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. మా వీధి బోర్డు ఎంత సూటిగా ఉంది! 'స్వీకరించబడవు', అంతే. ఆ సూటిదనంలో మా అత్తగారికి చోటు లేదు. ఈ వాక్యానికి పడ్డ ప్రతి మెలికా ఆవిడలాంటి మనిషిని తలుపులోంచి లోపలికి రానివ్వడానికే పడింది. పైగా వండిన మనిషే పంపాలట. వండింది ఒకరు, పేరు ఇంకొకరిది అయితే కుదరదు.

ఇంట్లో తగువు మొదలైంది. తయారుచేసిన వ్యక్తి ఎవరు? కాయలు ముక్కలు కొట్టించింది బజార్లో. కారం ఆడించింది మిల్లులో. ఆవాలు ఎండబెట్టి పొడి కొట్టింది మా అత్తగారు. కలిపింది నేను, ఆవిడ పక్కన నిలబడి పాళ్ళు చెబుతుంటే. ఎప్పటిలాగే మా ఆయన తన ఆధార్ కాపీ తీసి సిద్ధంగా పెట్టారు.

"నువ్వేం చేశావురా?" అన్నారు అత్తగారు.

"జాడీ దించానమ్మా."

పంపువారి గడిలో అత్తగారి పేరు రాశాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఫారమంతా చూసి, విలువ అన్న గడి దగ్గర ఆగారు. నేను నూనె, కారం లెక్కగట్టి ఎనిమిది వందలు వేశాను.

"నా ఆవకాయ ఎనిమిది వందలా?"

నూరు డాలర్లు దాటితే కానుక కింద సుంకం మినహాయింపు పోతుందని చెప్పాను. దాటకుండా ఎంతవరకూ రాయొచ్చో అడిగి, అంతా రాయించారు.