నిర్జన గృహములలో సమస్యాక్రీడ

నరులు విడిచిపోయిన యిల్లు, వారు కాపురమున్న దినములలో దాచిన విషయములను, వారు వెడలిన పిదప నిస్సంకోచముగ వెల్లడించును. పటము తీసివేసిన చోట గోడమీద మిగిలిన లేతరంగు చదరము, సొరుగులో మరచిపోయిన తాళపుచెవి, సగము వ్రాసి విడిచిన దినచర్య, ఎన్నడో నిలిచిపోయిన గడియారము, ఇవి యన్నియు సాక్ష్యము చెప్పుటకు సిద్ధముగనే యుండును, అడుగువాడు కావలెను. కంప్యూటరు క్రీడలలో ఈ యడుగుటనే యాటగా మలచిన శాఖ యొకటి కలదు. ఆటగాండ్రు దానిని పాయింట్ అండ్ క్లిక్ అడ్వెంచర్ అందురు. తెరమీద నొక గది నిశ్చలచిత్రముగ గనబడును. మౌస్‌తో బాణపుగుర్తును కదలించి తలుపునో, సొరుగునో, మీటనో నొక్కినచో అది తెఱచుకొనును, లేదా తెఱచుకొనక మనలను ఆలోచింపజేయును. ఈ శాఖలోని యుత్తమకృతులలో తరుము శత్రువు లేడు, తుపాకి లేదు, కాలము తొందరపెట్టదు. పాడువడిన భవన మొకటి, అందేమి జరిగెనో తెలిసికొనగోరు మనస్సొకటి యున్న చాలును.

ఈ క్రీడలకును పాడింటికిని గల చుట్టరికము పుట్టుకతోడనే యేర్పడినది. 1980లో అమెరికా దేశమున రాబర్టా విలియమ్స్, కెన్ విలియమ్స్ అను దంపతులు ఆపిల్ 2 కంప్యూటరుకై ‘మిస్టరీ హౌస్’ అను క్రీడను నిర్మించిరి. కథ భార్యది, ప్రోగ్రాము భర్తది. అంతకు పూర్వము సాహసక్రీడలు అక్షరమయములు: గుహ యెట్లున్నదో వాక్యములలో చదివి, ఏమి చేయదలచితిమో మాటలలోనే టైపు చేయవలసియుండెను. విలియమ్స్ దంపతులు ఆ మాటలకు బొమ్మలను జతచేసిరి. రంగు లేని సన్నని గీతలతో నేర్పడిన ఆ బొమ్మలు విడువబడిన యొక పెద్ద యింటిని, దాని మెట్లను, గదులను చూపినవి. ఆ యింట మొదట కొందఱు మనుష్యులున్నను ఒక్కరొక్కరుగ హతులై, తుదకు మనము శూన్యగృహమున మిగులుదుము. బొమ్మలు కట్టిన తొలి సాహసక్రీడయే యిట్టి యింటిని కోరుకొనుట కాకతాళీయము కాదని నా యభిప్రాయము. నడచుచు, నవ్వుచు, మాటలాడు మనుష్యులను చిత్రించు శక్తి నాటి యంత్రమునకు లేదు. కదలని గోడలను చిత్రించు శక్తి కలదు. ఆ యశక్తినుండియే యొక రసము జనించినది.

పిదప మౌస్ వచ్చెను. 1987లో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ వారు వెలువరించిన ‘మేనియాక్ మేన్షన్’లో తెర యడుగున తెఱువుము, తీసికొనుము, త్రోయుము మొదలగు క్రియాపదములు వరుసగ నుండెను, టైపు చేయు పనిలేక, పదమును నొక్కి, వస్తువును నొక్కిన చాలును. అయితే ఆ క్రియాపదములను సైతము తొలగించి, నొక్కుట యను నొక్క చేష్టనే మిగిల్చి, ఈ కళకు శాశ్వతమైన రూపమిచ్చిన కృతి వేరొకటి. అది 1993లో వెలువడిన ‘మిస్ట్’.

రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అను సోదరులు వాషింగ్టన్ రాష్ట్రమున స్పోకేన్ నగర ప్రాంతమునందు సయాన్ అను చిన్న సంస్థను నడపుచు ఈ కృతిని నిర్మించిరి. జూల్స్ వెర్న్ వ్రాసిన రహస్యద్వీపపు నవల పేరునుండియే దీనికి పేరు వచ్చినది. ఒక ద్వీపము, దానిమీద గ్రంథాలయము, గడియారపు గోపురము, నక్షత్రశాల, మునిగిన నౌక, మనుష్యుడు మాత్రము కానరాడు. మిల్లరు సోదరుల కాలమున సీడీ పరికరములు మిక్కిలి మందగమనములు. సెకనునకు 150 కిలోబైట్ల చొప్పున మాత్రమే సమాచారమును చదువగలవు. కనుక వారు చలనమును వదలి, సుమారు రెండున్నర వేల నిశ్చలచిత్రములను త్రిపరిమాణముగ రచించి, ఒకదానినుండి వేరొకదానికి నొక్కుచు పోవునట్లు కూర్చిరి. పరికరపు మాంద్యమే ఆటగానికి చూచుటకు తీరిక నిచ్చినది. చిత్రము మారునంతవరకు నిలువవలసివచ్చుటచే, గోడమీది చిహ్నమును, నేలమీది గొట్టమును, కిటికీ వెలుపలి సముద్రమును కన్ను తానై పరికించును.

‘మిస్ట్’లోని సమస్యల గొప్పతనము అవి భవనము పనిచేయు తీరునందే యిమిడియుండుట. ద్వీపమునుండి చేరు లోకములలో నొకటియగు చానెల్‌వుడ్‌న నీటిపై చెట్లు నిలిచియుండును. ఆ చెట్లపై గుడిసెలు, క్రింద కొయ్యబాటల వెంట గొట్టములు. గాలిమర తోడిన నీరు ఏ కూడలివద్ద నేదారి పట్టవలెనో మనము మీటలు త్రిప్పి నిర్ణయింపవలెను. నీరు చేరిన చోటనే యంత్రము కదలును. ఇది పైనుండి తగిలించిన చిక్కుముడి కాదు. ఆ గొట్టములను వేసినవారు నిత్యము చేసిన పనినే మనమును చేయుచున్నాము. వారు లేరు, వారి నీటి పారుదల మిగిలినది. దానిని మరల నడపుటయే వారిని తెలిసికొనుట. మరియొక లోకమున తిరుగుడు కోట యొకటి కలదు. అది యే దిక్కునకు మొగమై నిలిచినదో యొక్కొక్క దిక్కున కొక్కొక్క ధ్వనిచే తెలియును. ఆ ధ్వనులను విని గుర్తుంచుకొన్నవాడు, సెలెనిటిక్ అను వేఱు లోకమున చీకటి సొరంగములలో వాహనము నడపునపుడు అవే ధ్వనులు మరల వినబడగా దిక్కు నెరుగును. ఒక చోట నేర్చినది మరియొక చోట పనికివచ్చుట, అదియు నెవ్వరును ‘ఇది నేర్చుకొనుము’ అని హెచ్చరింపకుండ నేర్చుట, ఈ శిల్పమున కడు దుర్లభమైన నేర్పు.

కథను చెప్పు పద్ధతియు నిట్టిదే. సిరస్, అకెనార్ అను నిరువురు అన్నదమ్ములు రెండు పుస్తకములలో చిక్కుకొని, నన్ను విడిపింపుము, నా తోబుట్టువు దుర్మార్గుడని యొక్కొక్కరు మొఱపెట్టుదురు. ఎవరి మాట నమ్మవలెను? తీర్పు చెప్పు పాత్ర లేదు. వారు పూర్వము నివసించిన గదులున్నవి. ఒకని గదులలో వెలగల సామగ్రియు భోగవస్తువులును. వేరొకని గదులలో ఆయుధములును హింసాపరికరములును. వైభవము నిండిన గదిలో సొరుగు లాగి చూచినవానికి ఆ వైభవము వెనుకనున్న క్రౌర్యమును కనబడును. తొమ్మిదవ శతాబ్దమున ఆనందవర్ధనుడు, చెప్పిన యర్థముకంటె స్ఫురింపజేసిన యర్థమే కావ్యమునకు ప్రాణమని ప్రతిపాదించెను. ఆ సిద్ధాంతమునకు కంప్యూటరు తెరమీద నుదాహరణము చూపుమని యెవరైన నడిగినచో నేనీ గదులనే చూపుదును.

అదే 1993లో ‘సెవెన్త్ గెస్ట్’ అను మరియొక సీడీ క్రీడ వెలువడి మిక్కిలి ప్రసిద్ధి గాంచెను. అందును శూన్యభవనమే, బొమ్మలు చేయు స్టౌఫ్ అనువాడు కట్టిన విశాలమైన సౌధము. చిత్రములు మనోహరములు. కాని అందలి సమస్యలు వేఱు జాతివి: పుఱ్ఱెలును సమాధిరాళ్లును అద్దిన కేకును సమభాగములుగ కోయుట, చదరంగపు బల్లమీద రాణులను ఒకరికొకరు తగులకుండ నిలుపుట. ఇవి బుద్ధికి మంచి సాధనలే. అయినను ఆ కేకును భోజనశాలనుండి తీసి పడకగదిలో నుంచినను నష్టము లేదు; గదికిని సమస్యకును బంధుత్వము లేదు. ఈ భేదమును గ్రహించినవానికి ఈ సంప్రదాయమున మంచిచెడ్డలను విడదీయు గీటురాయి దొరికినట్లే. తాళమును విప్పిన పిమ్మట ఆ తాళమును వేసినవానిగూర్చి మన కేమైన తెలిసినదా? తెలియనిచో అది పొడుపు మాత్రమే. పొడుపుకథయందైనను విడుపు తెలియగనే పొడుపులోని ప్రతిమాటయు క్రొత్తగా వెలుగవలెను గదా!

ధ్వనినిగూర్చి యొక మాట. మిల్లరు సోదరులు మొదట సంగీతమే వలదనుకొనిరి. అది ఆటగాని మనస్సును చెదరగొట్టునని వారి శంక. పరీక్షించి చూడగా సంగీతము లోకమును మఱింత దట్టము చేయునని తెలిసి, రాబిన్ మిల్లరే దానిని సమకూర్చెను. బాయిలరులో మండు నగ్ని ధ్వనికై నిజమైన మంటను రికార్డు చేయగా సహజముగ తోచకపోవుటచే, కంకరదారిమీద మెల్లగ కారు నడపిన చప్పుడును వాడిరి. శూన్యభవనమున నిశ్శబ్దమనునది ధ్వనులు లేకుండుట కాదు; మనుష్యధ్వని లేకుండుట. గాలి, నీటిచుక్క, దూరమున తిరుగు చక్రము, ఇవి వినబడిననే మనుష్యుడు లేడను సంగతి మనస్సునకు తగులును.

తరువాతి తరమున ఈ కళ పెద్ద సంస్థల చేతులనుండి ఒంటరి శిల్పుల చేతులకు వచ్చినది. బ్రౌజరులో నడచు ఫ్లాష్ అను సాధనము దీనికి దారితీసెను. 2004లో జపాను దేశీయుడు తోషిమిత్సు తకాగి నిర్మించిన ‘క్రిమ్సన్ రూమ్’ ఒక్క యెఱ్ఱని గది మాత్రమే. తలుపు మూసియున్నది, బయటపడవలెను. ఇట్టి క్రీడలనుండియే 2007లో క్యోటో నగరమున స్క్రాప్ అను సంస్థ నిజమైన గదిలో మనుష్యులనుంచి ఆడించు పద్ధతిని ఆరంభించెను. నేడు హైదరాబాదునందును ఎస్కేప్ రూములు వెలసినవి. అయితే అక్కడ గంట గడువు పెట్టి ఆడింతురు. గడువు పెట్టుటతోడనే నేను చెప్పుచున్న రసము పలుచబడునని నా నమ్మకము.

ఫ్లాష్ యుగమున నాకు శిరోధార్యముగ తోచు కృతి పోలెండు దేశీయుడు మాటెయుష్ స్కుట్నిక్ రచించిన ‘సబ్‌మెషీన్’ పరంపర. ఆయన బొమ్మలకథల చిత్రకారుడు. 2005లో ‘బేస్‌మెంట్’ అను నేలమాళిగతో ప్రారంభించి, దీపస్తంభము, ప్రయోగశాల మొదలగు స్థలముల మీదుగ, 2015లో ‘ఎగ్జిట్’ అను పదవ భాగముతో ముగించెను. ఇటుకగోడలు, తుప్పుపట్టిన గొట్టములు, ఊడిన తీగెలు, ఎవరో ముందు వచ్చినవారు వ్రాసి వదలిన చీటీలు. మూడవ భాగమున గదులు నాలుగు దిక్కులకును సాగుచు మరల మొదటికే వచ్చును; అక్కడ సమస్య తలుపులో లేదు, స్థలమునందే యున్నది. నాలుగవ భాగమున మూడంకెల సంఖ్య నొత్తినచో ఒక చోటినుండి మరియొక చోటికి చేర్చు యంత్రము కలదు. ఆ సంఖ్యలు వేఱు వేఱు స్థలములలోని వ్రాతలలో దాగియుండును. అనగా చదువుటయే ప్రయాణము. ఇన్ని భాగములు సాగినను ఆ కట్టడము లేల కట్టబడినవో స్కుట్నిక్ తేటతెల్లముగ చెప్పడు. చీటీలు వ్రాసినవారే పరస్పరము విభేదింతురు. నలుపు తెలుపు రేఖలతో ఆయన చిత్రించిన ‘డేమేర్ టౌన్’ అను పాడునగరపు క్రీడయు నిట్టి మౌనమునకే చెందినది.

ఈ కళయందలి దోషములను దాచుట న్యాయము కాదు. తెరమీద నెక్కడనో ఇసుమంత చుక్కవలె దాచిన వస్తువును కనుగొనుటకై ప్రతియంగుళమును నొక్కించుట చూపును పదునుపెట్టుట కాదు, చూపును శిక్షించుట. నిర్మాత మనస్సులో తప్ప లోకమున నెక్కడను లేని తర్కముతో వస్తువులను జోడింపజేయుట యంతకంటెను చెడ్డది. ‘మిస్ట్’నకు లెక్కలేనన్ని యనుకరణలు పుట్టి, గదికొక మీటయు మీటకొక మంత్రసంఖ్యయు నుంచి, అదియే సంప్రదాయమని భ్రమించినవి.

2020 డిసెంబరుతో అడోబ్ సంస్థ ఫ్లాష్‌నకు స్వస్తి చెప్పెను. దానితో పాడిండ్లను చిత్రించిన యెన్నియో కృతులు తామే పాడువడు స్థితికి వచ్చినవి. ఫ్లాష్‌పాయింట్ అను సంరక్షణోద్యమమును, ఫ్లాష్‌ను అనుకరించి నడపు రఫుల్ అను ఎమ్యులేటరును వానిలో పెక్కింటిని నిలిపినవి. స్కుట్నిక్ తన పరంపరను ‘సబ్‌మెషీన్ లెగసీ’ యను పేర క్రొత్తగా కూర్చి వెలువరించెను. గ్రంథపరిష్కర్తలకు మనమిచ్చు గౌరవమును ఈ పనిచేయు వారికిని ఈయవలెనని నేను మనఃపూర్వకముగ కోరుచున్నాను.

క్రొత్తగ నారంభింపగోరువారికి చెప్పవలసినది కొంచెమే. రాత్రివేళ, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, ప్రక్కన కాగితమును కలమును ఉంచుకొని కూర్చుండవలెను. తొలినాళ్ల ‘మిస్ట్’ పెట్టెలో ఆటగాడు వ్రాసికొనుటకు ఖాళీ పుస్తకము నొకదానిని కూడ నిచ్చెడివారు. అది యలంకారముగ నిచ్చినది కాదు. చిహ్నములను గీసికొనుడు, గదుల పటమును వేసికొనుడు. ముందునకు దారి దొరకనపుడు వాక్‌త్రూ లనబడు పరిష్కారములు చేతికందునంత దూరముననే యుండును. చిరకాలము నిలిచిపోయినవాడు ఒక్క మెట్టునకు దానిని చూచుట మహాపరాధమేమియు కాదు. కాని ‘సబ్‌మెషీన్’ నాలుగవ భాగమున మూడంకెలను వాక్‌త్రూనుండి తెచ్చి యొత్తినవానిని యంత్రము చేర్చవలసిన చోటికి చేర్చునే గాని, ఆ యంకెలను చీటీపై వ్రాసి పెట్టిపోయినవాడు ఎవడో, ఎందులకు మరలి రాలేదో, అక్కడ దిగినవానికి తోచదు. అప్పుడతడు వెనుకకు పోయి ఆ చీటీని వెదకి చదువుకొనుటయే మేలు.