మెచ్చినవాళ్లూ, కొన్నవాళ్లూ

ఫ్రెంచి జంతుశిల్పి ఆంత్వాన్ లూయీ బారీని ముసలితనంలో గుర్తింపు దక్కిన మనిషిగా చెప్పుకోవడం అలవాటైపోయింది. అది సగమే నిజం. గంగానది ఘరియాల్ మొసలిని పులి కొరికి తింటున్న బొమ్మతో 1831 పారిస్ సలోన్ కళాప్రదర్శనలోనే ఆయన పేరు మోగింది. 1833లో పంజా కింద పామును తొక్కిపట్టిన సింహం వచ్చింది. ముక్కు మీద చర్మం ముడతలు పడి, గోళ్లు బయటికొచ్చి, ఒళ్లంతా బిగుసుకున్న మృగం అది. జంతుశాలలో చచ్చిన సింహాలను కొలిచి, కోసి చూసినవాడి పనితనం. ఆ ఏడే లీజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారం ఇచ్చారు, తర్వాత ఆ కంచు సింహాన్ని పారిస్ ట్విలరీ తోటలో నిలబెట్టారు. పురస్కారం నాటికి ఆయనకు నలభై నిండలేదు. కాబట్టి ఆలస్యమైంది మెప్పు కాదు, మెప్పు వెంట రావలసిన పనీ డబ్బూ.

ఓర్లియన్స్ డ్యూక్ భోజనాల బల్ల కోసం చేయించిన వేట బొమ్మలను 1837లో సలోన్ కమిటీ తిప్పికొట్టింది. అది కంసాలి పని, శిల్పం కాదట! 1842లో డ్యూక్ కూడా పోయాడు. సొంతంగా పోతపని పెట్టుకుని చిన్న కంచు బొమ్మలు అమ్మిన బారీ 1848లో దివాలా తీశాడు, నమూనాలు అప్పులవాళ్ల చేతికి పోయాయి. ఆ కష్టమే ఆయన్ని చిన్న బొమ్మలవైపు నడిపి కళను ఇళ్లలోకి చేర్చిందని వాదించేవారున్నారు. తేదీలు దానికి ఒప్పుకోవు. కంసాలి కొడుకైన బారీ దివాలాకు చాలా ముందే చిన్నవి చేశాడు. అప్పు ఆయనకు కొత్తగా నేర్పిందేమీ లేదు, తన నమూనాల మీద హక్కు మాత్రం లాక్కుంది.

1854లో పారిస్ ప్రకృతిశాస్త్ర మ్యూజియంలో జంతువుల చిత్రలేఖనం నేర్పే ఉద్యోగం, 1868లో ఫ్రెంచి కళల అకాడెమీ సభ్యత్వం వచ్చాయి. అసలు మేలు అట్లాంటిక్ అవతలినుంచి జరిగింది. బాల్టిమోర్ మద్యం, రైల్వే వ్యాపారి విలియం వాల్టర్స్ ఏళ్ల తరబడి ఆయన బొమ్మలు కొన్నాడు. 1873లో వాషింగ్టన్ కోర్కోరన్ గ్యాలరీ ప్రతి కంచు బొమ్మకూ ఒక ప్రతి కావాలని ఆర్డరిచ్చింది, దాని వెనకా వాల్టర్సే. సొంత దేశం కూడా తనకు ఇంత చేయలేదని బారీ కరిగిపోయాడంటారు. అకాడెమీలో కూర్చున్నవాడి మీద డబ్బు పెట్టడంలో సాహసమేముంది, అది ధనికుల సరదా కదా అనొచ్చు. సరదా ఉండే ఉంటుంది. కానీ సరదాకైతే పేరున్న సింహం ఒక్కటి చాలు. ఎవరూ అడగని చిన్నాచితకా జంతువులతో సహా అన్నీ కావాలనడంలో, ఆ పనంతటినీ ఒక్కటిగా చూసిన కన్ను ఉంది. నమూనాలే చేజారిన చేదు ఎరిగి, ఎనభైకి దగ్గరపడ్డ శిల్పి కృతజ్ఞత ఆ కంటికే. 1875లో ఆయన పోయాక, 1894లో పారిస్‌లో అమెరికన్ల చందాలూ కలిపి స్మారకం కట్టారు. ఆ చందాల్లో ఏ కొంచెమైనా 1848లో అందుంటే నమూనాలు ఇంట్లోనే ఉండేవి.