నీలం చిక్కదనాన్ని కొలిచిన చేతులు

యల్లాప్రగడ సుబ్బారావు పేరు వినగానే మనకు మందులు గుర్తొస్తాయి: ఆరియోమైసిన్, ఫోలిక్ యాసిడ్, బోదకాలుకు వాడే హెట్రజాన్. జీవరసాయన ప్రయోగశాలల్లో మాత్రం ఆయన పేరు తరతరాలుగా వినబడుతున్నది ఒక కొలత వల్ల. 1925లో ‘జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ’లో సైరస్ ఫిస్కెతో కలిసి ఆయన ప్రచురించిన 26 పేజీల వ్యాసం అది. ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి తేల్చే పద్ధతి అందులో ఉంది. భీమవరంలో పుట్టిన ఆ విద్యార్థి బోస్టన్‌లోని హార్వర్డ్ వైద్య కళాశాలకు వచ్చి అప్పటికి రెండేళ్లు.

మూలసూత్రం వాళ్లది కాదు. ఫాస్ఫేట్ ఉన్న ద్రవంలో ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, ఏర్పడిన పదార్థాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. బెల్, డాయిజీ 1920లోనే హైడ్రోక్వినోన్‌తో ఇది చేసి చూపారు. కానీ వాళ్ల రంగు నిలిచేది కాదు. తర్వాత బ్రిగ్స్ చేసిన సవరణతో నిలిచింది గాని, రావడానికి చాలాసేపు పట్టేది. ఫిస్కె, సుబ్బారావు క్షయకారిణినే మార్చేశారు. అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం తెచ్చారు. మన ప్రాక్టికల్స్ గదుల్లో పిల్లలు ‘అన్సా’ అనేది దీన్నే. రంగు నిమిషాల్లో వస్తుంది, నిలకడగా ఉంటుంది. ఇక్కడ ఆమ్లం పాలు చాలా కీలకం: తగ్గితే ఫాస్ఫేట్ లేకపోయినా మాలిబ్డేట్ నీలమైపోతుంది, మరీ పెరిగితే రావలసిన రంగు రాదు. ఆ ఇరుకు దారిని ఎవరు నడిచినా తప్పకుండా ఉండేలా వేసి ఇవ్వడమే ఆ వ్యాసం గొప్పతనమని నా నమ్మకం.

అసలు అద్భుతం ఆ తర్వాత జరిగింది. మాంసకృత్తులు తీసేసి వడగట్టిన కండరాల ద్రవానికి ఇదే పరీక్ష చేస్తే, రంగు వెంటనే రాకుండా ఆలస్యంగా, మెల్లగా చిక్కబడుతూ వచ్చింది. కొలతలో లోపమని సరిపెట్టుకోవడం ఎంత తేలిక! తమ పద్ధతి ఎలా నడుచుకుంటుందో పూర్తిగా తెలిసినవాళ్లు గనక వాళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. కండరంలో ఫాస్ఫేట్ మరో పదార్థంతో ముడిపడి ఉండాలి. పరీక్షలో వాడే ఆమ్లంలోనే, మాలిబ్డేట్ తోడై, ఆ ముడి విడిపోతూ ఉండాలి. విడిపోయినప్పుడు ఫాస్ఫేట్‌తో సమపాళ్లలో క్రియాటిన్ బయటపడింది. 1927లో ప్రకటించిన ఫాస్ఫోక్రియాటిన్ అదే. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతిలో మళ్లీ పేరుకుంటుంది. కండరశక్తికి లాక్టిక్ ఆమ్లమే ఆధారమనే అప్పటి సిద్ధాంతానికి ఇది పెద్ద ఎదురుదెబ్బ. 1929లో ‘సైన్స్’ పత్రికలో అడెనోసిన్ ట్రైఫాస్ఫేట్, అంటే ఏటీపీ గురించి రాశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని వేరుగా కనుగొన్నారు.

ఇక ఆ వ్యాసాన్ని ఇతరులు ఎంతగా ఉదహరించారన్న సంగతి, అంటే సైటేషన్లు. జీవశాస్త్రంలో అత్యధికంగా ఉదహరించే వ్యాసాల్లో పద్ధతులదే పైచేయి. 2014లో ‘నేచర్’ వేసిన జాబితాలో మొదటి స్థానం లౌరీ 1951లో రాసిన ప్రోటీన్ కొలతది. ఫిస్కె, సుబ్బారావుల వ్యాసం ఆ కోవకే చెందుతుంది. ఫాస్ఫేట్‌ను విడగొట్టే ఎంజైములను కొలవాలన్నా, కణపొరల్లోని ఫాస్ఫోలిపిడ్లను లెక్కించాలన్నా దశాబ్దాలపాటు దాన్నే ఆశ్రయించారు. అయినా సైటేషన్ల సంఖ్య ఆ వ్యాసం వాడకాన్ని పూర్తిగా చూపదు. బార్ట్‌లెట్ 1959లో ఫాస్ఫోలిపిడ్ల కోసం ఈ పద్ధతిని సవరించారు. ఆ తర్వాత వేలాది మంది ఉదహరించింది బార్ట్‌లెట్‌నే. గొట్టంలో కనిపించేది మాత్రం అదే నీలం, దాన్ని తెచ్చేది అదే అన్సా. ఏటీపీకైతే ఇవాళ మూలవ్యాసాన్ని ఉదహరించాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

సైటేషన్ల లెక్కకు అందనివి ఆయన తర్వాతి పనిలోనూ ఉన్నాయి. 1940లో సుబ్బారావు లెడర్లీ మందుల సంస్థకు వెళ్లారు. అక్కడినుంచి వచ్చిన వ్యాసాల్లో రచయితల వరస బారెడుంటుంది. ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణపై 1945లో వచ్చినదాంట్లో ఆయన పేరు అలాంటి వరస మధ్యలో కనిపిస్తుంది. పిల్లల్లో ల్యుకేమియా మందుతో తాత్కాలికంగానైనా తగ్గుతుందని సిడ్నీ ఫార్బర్ బృందం 1948లో చూపింది. అందుకు వాడిన అమినోప్టెరిన్ సుబ్బారావు బృందం తయారుచేసినదే, కానీ ఆ వ్యాస రచయితల్లో ఆయన లేరు. అదే ఏడాది ఆగస్టులో ఆయన మరణించారు. రచయితల పేర్లను బట్టి వేసే ఏ లెక్కలోనూ ఆ వ్యాసం ఆయన ఖాతాలో చేరదు.