బడి వేదికపై తొలిప్రేమ: ‘కేరాఫ్ కంచరపాలెం’లో సునీత పాట

కీలకపదాలు: కౌమారం, కళాభిలాష, తొలిప్రేమ, విశాఖ, తెలుగు సినిమా

ప్రవేశిక

విశాఖపట్నంలో జాలరిపేట, కంచరపాలెం అనే పేర్లు వృత్తులను స్ఫురింపజేస్తాయి. మొదటిది వలపట్టిన వారి పేట; రెండవ దాని పేరులో కంచరి పని ధ్వనిస్తుంది. 1933లో ఓడరేవు ప్రారంభమై, తరువాత ఉక్కు కర్మాగారం వచ్చి నగరం విస్తరించినా ఈ పేర్లు నిలిచాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లలితకళల శాఖ ఉంది. అయితే ఇటువంటి పేటల పిల్లల్లో చాలామందికి తొలి కళాశాల బడి వేదికే. వెంకటేష్ మహా దర్శకత్వంలో 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లోని సుందరం, సునీతల కథను ఈ కోణంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాట - ప్రేమ

సుందరం, సునీత ఒకే బడిలో చదువుకునే పిల్లలు. సునీతకు పాట ఇష్టం. సుందరానికి సునీత ఇష్టం. బడి వేడుకలో ఆమె ‘మరోచరిత్ర’ (1978)లోని ఒక ప్రేమగీతం పాడుతుంది. అందుకు సుందరం ప్రోత్సాహం ఉంది. ఈ ఎంపిక యాదృచ్ఛికం కాదు. కె. బాలచందర్ చిత్రం కూడా విశాఖ తీరంలో సాగిన తొలిప్రేమ కథే. నలభై ఏళ్ల కిందటి ఆ ప్రేమకు పెద్దలు అడ్డుపడ్డారు. ఇక్కడ ఆ పాటకే అడ్డుపడ్డారు. సుందరం తన మనసులోని మాటను నేరుగా చెప్పలేడు. సునీత గొంతే దాన్ని పలుకుతుంది. కనుక ఆమె కళ, అతని ప్రేమ ఒకే క్షణంలో బహిరంగమవుతాయి. తండ్రి ఆగ్రహం కూడా ఆ రెండింటి మీదా ఒకేసారి పడుతుంది. ఆయన దృష్టిలో కూతురు పాడటం కన్నా, నలుగురి ఎదుట ప్రేమగీతం పాడటమే తప్పు. చదువు పేరిట ఆమెను ఊరికి దూరం చేస్తాడు.

విగ్రహం

సుందరం తండ్రి వినాయక విగ్రహాలు చేసే శిల్పి. ఈ కథలో మరొక కళ ఇది. ఇది శిక్షణాలయంలో నేర్చినది కాదు, ఇంటి పనిగా చేతికి వచ్చినది. సునీత వెళ్లిపోయాక సుందరం కోపం దేవుని మీదికి, తండ్రి చేసిన విగ్రహం మీదికి మళ్లుతుంది. ఆ ఒక్క చర్య తండ్రీకొడుకుల బంధాన్నీ, వంశపారంపర్య కళనూ కూడా దెబ్బతీస్తుంది. పాట ఆగిన చోటే శిల్పమూ ఆగడం ఈ కథలోని విషాదం.

ఎవరి నష్టం?

చిత్రం చివర సుందరం, జోసఫ్, గడ్డం, రాజు ఒకే వ్యక్తి జీవితదశలని తెలుస్తుంది. ఈ నిర్మాణం ప్రశంసలు పొందింది, న్యాయంగానే. ఒకే మనిషికి పేరు, మతం మారుతూ వచ్చినా ప్రేమించే స్వభావం మారలేదన్న ధ్వని దానిలో ఉంది. అయితే ఈ నిర్మాణానికి ఒక మూల్యం కూడా ఉంది. భార్గవి, సలీమాలతోపాటు సునీత కూడా ఒక పురుషుని జీవితంలో గడిచిపోయిన ఒక అధ్యాయంగా మిగులుతుంది. సుందరం ప్రేమ ఏమైందో నాలుగు దశల్లో చూస్తాము. సునీత పాట ఏమైందో ఒక్క దశలోనూ చూడము. అతని నష్టానికి కథ దొరికింది. ఆమె నష్టం సూచనగానే ఆగిపోయింది. తండ్రి ఆమె గొంతును వేదిక నుండి దించితే, కథనం ఆమెను కథ నుండే తప్పించింది. మొదటిది చిత్రం విమర్శించిన విషయం. రెండవది అది గమనించని విషయం.

ముగింపు

కంచరపాలెం వాసులనే నటులుగా నిలిపిన ఈ చిత్రం, కళ శిక్షణాలయాలకే పరిమితం కాదని నిరూపించింది. ఆ నిరూపణలోనే సునీత ప్రశ్న బలపడుతుంది. విశాఖ పేటల జీవితాన్ని చిత్రించే తెలుగు కథ, నవల, సినిమాలను చదివేటప్పుడు ఎవరు ప్రేమించారన్న దానితోపాటు ఎవరు పాడటం మానుకోవలసి వచ్చిందన్నది కూడా పరిశోధకులు అడగవలసిన ప్రశ్న.