ఇంజన్ ఒకటే, శిల్పం వేరు

రామకథ ఒకటే. మొల్ల చేతిలో అది క్లుప్తంగా, తేటగా నడిచింది. విశ్వనాథ చేతిలో కల్పవృక్షమై కొమ్మలు చాచింది. వస్తువు ఒకటైనప్పుడు కవుల మధ్య తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే పోల్చడానికి మిగిలేది శిల్పమే. కార్ల విమర్శకు ఇలాంటి అవకాశం అరుదుగా దొరుకుతుంది. ఒక కారు ఇంజన్ బలంతో మెప్పిస్తుంది, ఇంకొకటి చట్రం పనితనంతో మెప్పిస్తుంది. ఏ గుణం దేనివల్ల వచ్చిందో విడదీసి చెప్పడం కష్టం.

ఆ కష్టం లేని జంట ఒకటుంది. జపాన్ నుంచి టయోటా ఎంఆర్2 రోడ్‌స్టర్, ఇంగ్లండ్ నుంచి లోటస్ ఎలీజ్ ఎస్. రెండూ ఇద్దరు మాత్రమే కూర్చునే, గుడ్డ టాపున్న కార్లు. రెండింటిలోనూ ఇంజన్ డ్రైవర్ వీపు వెనుక, వెనుక చక్రాల ఇరుసుకు ముందు అడ్డంగా కూర్చుంటుంది. ఆ ఇంజన్ రెండింటికీ ఒకటే: టయోటా వారి 1జెడ్‌జెడ్.

ఇంగ్లండ్‌లో నేను ఏడేళ్లుగా ఎంఆర్2 నడుపుతున్నాను. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన నా మిత్రుడి దగ్గర ఎలీజ్ ఎస్ ఉంది. తాళాలు మార్చుకుని నెలల తరబడి ఒకరి కారు ఒకరం నడిపాం. ఈ పోలిక ఆ నడకలోంచి వచ్చింది.

వస్తువు

ముందు ఇంజన్ సంగతి. 1794 సీసీ, నాలుగు సిలిండర్లు, అల్యూమినియం బ్లాక్, బెల్టుకు బదులు టైమింగ్ చైన్. సిలిండర్ వెడల్పు 79 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 91.5 మిల్లీమీటర్లు. వెడల్పు కన్నా ప్రయాణం ఎక్కువగా ఉన్న ఇంజన్ మధ్య వేగాల్లో ఓపిగ్గా లాగుతుంది, పైకి తీసుకెళ్తే అంత ఉత్సాహం చూపదు. పుట్టుకతో ఇది రేసు ఇంజన్ కాదు, సంసారి ఇంజన్. 2003లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన మొదటి కరోలాలో ఉన్నది కూడా ఇదే. ఆ రోజుల్లో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కరోలా ఎక్కినవాళ్లు ఈ ఇంజన్ చప్పుడు వినే ఉంటారు.

ఎంఆర్2లో దీని బలం 140 హార్స్‌పవర్, ఎలీజ్ ఎస్‌లో 136. ఈ తేడా చేతికీ కాలికీ తెలిసేది కాదు. గేర్‌బాక్స్ కూడా టయోటాదే. కాబట్టి రెండు కార్ల మధ్య కనిపించే తేడా అంతా ఈ ఇంజన్ చుట్టూ ఎవరు ఏం కట్టారు, ఏం కట్టకుండా వదిలేశారు అన్నదాన్నుంచే వస్తుంది.

శిల్పం

ఇంజన్‌ను మధ్యలో ఎందుకు పెడతారో కావడి మోసేవాణ్ని చూస్తే అర్థమవుతుంది. కావడి రెండు చివరలా బిందెలు వేలాడుతుంటే అతను చటుక్కున పక్కకు తిరగలేడు, తిరిగితే వెంటనే ఆగలేడు. అదే బరువు నడుముకు కట్టుకుంటే ఇట్టే తిరుగుతాడు. కారుకైనా అంతే. బరువు మధ్యకు చేరేకొద్దీ స్టీరింగ్ తిప్పగానే కారు తిరుగుతుంది. ఈ వరం వెనుకే ఒక ప్రమాదమూ ఉంది. పట్టు తప్పితే కూడా అది అంతే చురుగ్గా గిర్రున తిరుగుతుంది, సర్దుకోవడానికి డ్రైవర్‌కు దొరికే వ్యవధి తక్కువ.

ఈ విద్యలో రెండు కంపెనీలకూ పాత పరిచయం ఉంది. లోటస్ 1966లోనే రెనో ఇంజన్ తీసుకుని యూరోపా అనే మిడ్ ఇంజన్ కారు చేసింది. ఇంజన్ ఎవరిదైనా చట్రం తమదిగా ఉండాలన్నది ఆ ఇంటి సంప్రదాయం. టయోటా 1984లో తెచ్చిన మొదటి ఎంఆర్2 జపాన్‌లో పెద్ద ఎత్తున తయారైన తొలి మిడ్ ఇంజన్ కారు. 1989లో వచ్చిన రెండో తరం బరువెక్కింది, బలమూ పెంచుకుంది. మలుపు మధ్యలో తోక విసురుతుందన్న అపవాదు దానికి వచ్చింది. టయోటా తర్వాత సస్పెన్షన్ మార్చి, చక్రాలు పెంచి దాన్ని సరిదిద్దింది. 1999లో వచ్చిన మూడో తరమే నేనిక్కడ మాట్లాడుతున్న రోడ్‌స్టర్. టయోటా ఆ అనుభవం నుంచి నేర్చుకుంది. బలం తగ్గించి, బరువూ బాగా తగ్గించి, వెనుక చక్రాలకు ముందువాటికన్నా వెడల్పు టైర్లు తొడిగింది.

ఎలీజ్ కథ వేరు. నార్ఫోక్‌లోని హెథెల్‌లో, రెండో ప్రపంచయుద్ధం నాటి వైమానిక స్థావరం మీద లోటస్ కర్మాగారం ఉంది. 1996లో అక్కడ పుట్టిన ఎలీజ్‌కు అప్పటి ఛైర్మన్ రొమానో ఆర్టియోలి మనవరాలు ఎలీజా పేరు పెట్టారు. రిచర్డ్ రాకమ్ దాని చట్రాన్ని అల్యూమినియం దూలాలతో అల్లాడు. వెల్డింగ్‌కు బదులు ఎపాక్సీ జిగురుతో అతికించారు. మొత్తం చట్రం బరువు సుమారు 68 కిలోలు, ఒక మనిషంత. దానిమీద ఫైబర్‌గ్లాస్ ఒళ్లు తొడిగారు. మొదట్లో రోవర్ ఇంజన్ ఉండేది. 2004 నుంచి టయోటా ఇంజన్లు వచ్చాయి, 2006లో ఎలీజ్ ఎస్‌కు మన 1జెడ్‌జెడ్ వచ్చింది.

ఫలితం తూకంలో కనిపిస్తుంది. ఎంఆర్2 వెయ్యి కిలోలకు కాస్త తక్కువ. ఎలీజ్ ఎస్ 860 కిలోలు. అంటే ఎంఆర్2 ఎప్పుడూ మరో ఇద్దరిని ఎక్కించుకుని తిరుగుతున్నట్టే. నిలబడ్డ చోటు నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎంఆర్2కు దాదాపు ఎనిమిది సెకన్లు, ఎలీజ్‌కు ఆరు సెకన్ల పైచిలుకు పడుతుంది. గేర్ల అమరికలో తేడాలున్నా ముఖ్య కారణం బరువే.

ఆ బరువు టయోటా వృథాగా మోయలేదు. ఎంఆర్2లో పవర్ స్టీరింగ్ ఉంది, వెనుక అద్దం నిజమైన గాజు, పొగమంచు పట్టకుండా వేడెక్కే తీగలున్నాయి, ముందు మూత కింద స్టెప్నీ ఉంది. రెండు కొక్కేలు విప్పి వెనక్కి తోస్తే సీట్లోంచి లేవకుండానే టాపు తెరుచుకుంటుంది. ఎలీజ్‌లో పవర్ స్టీరింగ్ లేదు, స్టెప్నీ లేదు. టాపు తియ్యాలంటే కారు దిగి, గుడ్డను చాపలా చుట్టి, పక్క కడ్డీలు ఊడదీసి వెనుక డిక్కీలో సర్దాలి. ఆ డిక్కీ ఇంజన్‌ను ఆనుకునే ఉంటుంది కనుక అందులో పెట్టిన పాల డబ్బా ఇంటికి వెచ్చగా చేరుతుంది.

నడక

ఎలీజ్‌లోకి ఎక్కడమే ఒక సాధన. తలుపు కిందనున్న అల్యూమినియం దూలం మన పాత ఇళ్ల అరుగంత వెడల్పుంటుంది. టాపు వేసి ఉంటే ఎడమకాలు ముందు లోపల పెట్టి, తల వంచి, ఒళ్లంతా సీట్లోకి జార్చి, ఆఖరున కుడికాలు లాక్కోవాలి. కూర్చున్నాక చెయ్యి కిందికి చాస్తే రోడ్డు అందుతుందేమో అనిపిస్తుంది.

కదిలిన పది నిమిషాలకే ఆ సాధన ఎందుకో తెలిసిపోయింది. స్టీరింగ్‌కూ చక్రాలకూ మధ్య సాయం చేసే యంత్రం లేదు కనుక తారులోని కంకర, అతుకు వేసిన చోటు, తడిసిన చోటు అన్నీ అరచేతికి తెలుస్తాయి. మలుపులో పట్టు తగ్గబోతుంటే స్టీరింగ్ ముందుగానే తేలికపడుతుంది. కరోలాలో నిదానంగా నడిచిన అదే ఇంజన్ ఇక్కడ యాక్సిలరేటర్ మీద బొటనవేలు బరువుకే స్పందిస్తుంది. ఇంజన్‌కు బలం పెంచకుండా దానికి ప్రాణం పోయడమెలాగో లోటస్ చేసి చూపించింది.

ఎంఆర్2 స్టీరింగ్ కూడా చురుకైనదే. కానీ రోడ్డు చెప్పేది చేతికి కాస్త వడకట్టుకుని వస్తుంది. ముందు భాగం తేలిక కనుక తడి రోడ్డు మీద మలుపులోకి వేగంగా వెళ్తే ముక్కు మొదట కాస్త బయటికి జారుతుంది. కాలు మెల్లగా సడలిస్తే తిరిగి దారికొస్తుంది. మామూలు డ్రైవర్‌కు అర్థమయ్యే భాష అది. టయోటా ఆ సౌమ్యతను కావాలనే కూర్చింది.

అక్టోబర్ చివర్లో నార్ఫోక్ పల్లెదారులు చక్కెరదుంపల ట్రాక్టర్లు పోసిన బురదతో నిండి ఉంటాయి. ఎలీజ్ తాళం చేతికిస్తూ మిత్రుడు ఒక్కటే మాట అన్నాడు: “మలుపులో భయమేసినా కాలు ఒక్కసారిగా తియ్యకన్నా.” మిడ్ ఇంజన్ కారు నడిపే పాఠం అంతా ఆ మాటలోనే ఉంది. యాక్సిలరేటర్ మీద కాలు హఠాత్తుగా తీస్తే బరువు ముందుకు వాలుతుంది, వెనుక టైర్లు తేలికై పట్టు వదులుతాయి, తోక బయటికి తిరుగుతుంది. ఆ సాయంత్రం ఒక బురద మలుపులో ఎలీజ్ తోక జానెడు కదిలింది. కదలబోతున్నట్టు అంతకు ముందే చేతులకు తెలిసింది కనుక సర్దుకోగలిగాను. మరో వారం అదే మలుపులో ఎంఆర్2 కూడా జానెడు కదిలింది. కదిలాకగానీ నాకు తెలియలేదు. నా దృష్టిలో ఈ రెండు కార్ల మధ్య అసలు తేడా అదే. ఎలీజ్ హెచ్చరిస్తుంది, ఎంఆర్2 క్షమిస్తుంది.

కాపురం

కొత్త కారును ఒక మధ్యాహ్నం నడిపి తీర్పు చెప్పొచ్చు. పాత కారు మీద తీర్పు చెప్పాలంటే దానితో కాపురం చెయ్యాలి.

2002కు ముందరి 1జెడ్‌జెడ్ ఇంజన్లకు ఆయిల్ తాగే రోగం ఉంది. పిస్టన్‌లో ఆయిల్ తిరిగి జారే రంధ్రాలు చిన్నవి. మసి పట్టి అవి పూడుకుపోతే రింగులు బిగుసుకుంటాయి, ఆయిల్ పైకి పాకి కాలిపోతుంది. ఇంజన్‌లో పట్టే ఆయిలే సుమారు 3.7 లీటర్లు. అందులో లీటరు తరిగినా ప్రమాదమే. అందుకే ఆదివారం పొద్దున డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూడటం నాకు వారం వారం జరిగే పూజ అయింది. ఎంఆర్2 ఎగ్జాస్ట్ మొదట్లోనే ఉండే చిన్న క్యాటలిటిక్ కన్వర్టర్లది మరో చిక్కు. అవి పొడై రాలితే ఆ పొడి ఇంజన్‌లోకి చేరి సిలిండర్లను గీరేస్తుంది. కొనేముందు ఆక్సిజన్ సెన్సర్లు విప్పి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి లోపల తేనెపట్టులాంటి గదులు చెక్కుచెదరకుండా ఉన్నాయో లేదో చూసుకోవాలి. తర్వాతి రోజుల్లో టయోటా పిస్టన్లు మార్చింది. ఎలీజ్ ఎస్‌కు వచ్చినవి ఆ మార్చిన ఇంజన్లే కనుక ఈ విషయంలో లోటస్ కొన్నవాడు అదృష్టవంతుడు.

తుప్పు విషయంలోనూ పైచెయ్యి ఎలీజ్‌దే అనిపిస్తుంది. చలికాలం ఇంగ్లండ్ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది ఎంఆర్2 ఉక్కు అడుగును, ముఖ్యంగా వెనుక సబ్‌ఫ్రేమ్‌ను తినేస్తుంది. ఎలీజ్ చట్రం అల్యూమినియం, దానికి ఆ భయం తక్కువ. కానీ అల్యూమినియం చట్రానికి దాని శిక్ష దానికుంది. గట్టిగా గుద్దుకుని దూలం వంగితే వెల్డింగ్ చేసి బాగుచేసేది కాదు, చట్రమే మార్చాలి. ముందు ఒళ్లంతా ఒకే ఫైబర్‌గ్లాస్ ముక్క. పార్కింగ్‌లో ఎవరో వెనక్కి వస్తూ మూల పగలగొడితే ఆ మూల ఒక్కటీ మార్చడం కుదరదు. అతుకైనా వెయ్యాలి, లేదా మొత్తం ముక్కైనా మార్చాలి. ఎంఆర్2కు అదే దెబ్బ తగిలితే బోల్టులు విప్పి ఫెండర్ ఒక్కటే మార్చుకుంటే సరిపోతుంది.

రెండింటికీ ఉమ్మడి బాధ ఒకటుంది. రేడియేటర్ ముందు, ఇంజన్ వెనుక. చల్లబరిచే నీళ్లు కారు పొడవునా పైపుల్లో ప్రయాణిస్తాయి. కూలెంట్ మార్చినప్పుడు ఆ పైపుల్లో గాలి బుడగ మిగిలిపోతే ఇంజన్ వేడెక్కుతుంది. మామూలు కార్ల అలవాటుతో పనిచేసే మెకానిక్ ఇక్కడే పొరపడతాడు. కాబట్టి కారు ఎంత మంచిదో చూసుకున్నట్టే, మిడ్ ఇంజన్ కారు కూలెంట్ పైపుల్లోంచి గాలి తియ్యడం వచ్చిన చెయ్యి దగ్గర్లో ఉందో లేదో కూడా చూసుకోవాలి.

తీర్పు

రచనగా చూస్తే ఎలీజ్ గొప్పది, ఇందులో నాకు సందేహం లేదు. ఒక సంసారి ఇంజన్‌ను తీసుకుని, ఏది తీసేస్తే దానికి ప్రాణం వస్తుందో తెలుసుకుని, అంత ధైర్యంగా తీసేసినవాళ్లు అరుదు. కారు నడపడం ఒక కళ అని నమ్మినవాళ్లు జీవితంలో ఒక్కసారైనా దాన్ని నడపాలి.

అయినా పాత కారు ఏది కొనాలని నన్నడిగిన వాళ్లకు నేను ఎంఆర్2 పేరే చెబుతాను. వానలో నడుస్తుంది, దెబ్బ తగిలితే ముక్క ముక్కగా బాగవుతుంది, మనం చేసే తప్పుల్ని ఓర్చుకుంటుంది. ఎలీజ్ నీడలో దీన్ని బీదవాడి స్పోర్ట్స్ కారుగా చూసే అలవాటు విమర్శకుల్లో ఉంది. అది అన్యాయం. ఎలీజ్ డ్రైవర్‌కు పరీక్ష పెడితే, ఎంఆర్2 వాడికి దగ్గరుండి పాఠం చెబుతుంది. ఏడేళ్ల కాపురంలో రెండోదే ఎక్కువ విలువైనదని నా అనుభవం.

టయోటా 2007లో ఎంఆర్2ను ఆపేసింది, దాని స్థానంలో మరో మిడ్ ఇంజన్ కారు అమ్మకానికి తేలేదు. లోటస్ 2021లో ఎలీజ్‌ను ఆపేసింది. ఇక మిగిలినవి వయసు మీదపడుతున్నవే. వీటిలో ఏది మీ చేతికొచ్చినా గరాజులో ముసుగు కప్పి దాచకండి. నిలబెట్టిన కారుకు సీళ్లు ఎండుతాయి, బ్రేకులు పట్టేస్తాయి, టైర్లు గట్టిపడతాయి. వారానికొకసారి ఆయిల్ చూసి, ఇంజన్ వేడెక్కేదాకా ఆగి, మంచి మలుపులున్న దారిలో నడపండి. మలుపులో మాత్రం కాలు ఒక్కసారిగా తియ్యకండి.