చనిపోయినామె మాట, బతికున్నామె మాట

1967లో ఉత్తర వియత్నాం నుంచి ఇద్దరు ఆడపిల్లలు యుద్ధభూమికి చేరుకున్నారు. ఒకరు డాంగ్ థుయ్ ట్రామ్. ఇరవై నాలుగేళ్ళు, సర్జన్ కూతురు, తనూ డాక్టరే. హనోయ్ నుంచి అడవి దారిన నడిచి దక్షిణాన క్వాంగ్ న్గాయ్ ప్రాంతంలోని డుక్ ఫో చేరింది. రెండోవారు డువాంగ్ థు హువాంగ్. ఇరవై ఏళ్ళు. బాంబుల మోతని పాటతో ముంచెయ్యాలన్న నినాదం పట్టుకుని, సైనికుల కోసం ఆడీ పాడే యువదళంతో వెళ్ళింది. ట్రామ్ 1970 జూన్ 22న అమెరికన్ సైనికుల కాల్పుల్లో చనిపోయింది. హువాంగ్ బతికింది. తన దళంలోని నలభై మందిలో మిగిలింది ముగ్గురేనని ఆమె చెప్పింది.

ట్రామ్ డైరీని వాళ్ళ ప్రభుత్వం నెత్తిన పెట్టుకుంది. హువాంగ్ నవలని చలామణీలోంచి తీయించేసింది. ఈ రెండు పుస్తకాలనీ ఇంగ్లీషు అనువాదాల్లో వెంటవెంటనే చదివాక నన్నొక ప్రశ్న వదల్లేదు. ఒకే యుద్ధంలోంచి వచ్చిన ఇద్దరు స్త్రీలలో ఎవరి మాట రాజ్యం చెవికెక్కుతుంది?

డైరీ కథ చాలామందికి తెలుసు. శత్రువుల దగ్గర దొరికిన కాగితాల్లో సైనికంగా పనికిరానివి తగలబెట్టడం ఫ్రెడ్ వైట్‌హర్స్ట్ అనే అమెరికన్ గూఢచారి విభాగపు ఉద్యోగి పని. ఇది కాల్చొద్దు, దీనిలో ముందే నిప్పుంది అన్నాడట అతని దుబాసీ న్గుయెన్ ట్రుంగ్ హియు. ముప్పై అయిదేళ్ళు దాచుకుని, 2005లో అతను దాన్ని హనోయ్‌లో ఉన్న తల్లికి చేర్పించాడు. ఆ ఏడాదే వియత్నాంలో అచ్చయి లక్షల కాపీలు అమ్ముడుపోయింది. డుక్ ఫోలో ఆమె పేర ఆసుపత్రి కట్టారు. 2009లో సినిమా వచ్చింది.

డైరీ 1968 ఏప్రిల్ 8న ఒక ఆపరేషన్‌తో మొదలవుతుంది. మత్తుమందు సరిపడా లేదు. కొద్దిపాటి సీసాల మందుతో అపెండిక్స్ తియ్యాలి. కోయించుకుంటున్న కుర్రాడు మూలగడు, పైగా ఈమెకే ధైర్యం చెప్పబోతాడు. పుస్తకమంతా ఇలాంటి తమ్ముళ్ళే. ఆమె వాళ్ళకి కుట్లు వేస్తుంది, పేరు పేరునా ప్రేమిస్తుంది, ఒక్కొక్కరినే పూడ్చిపెడుతుంది. అమెరికన్ల మీద ఆమె కోపానికి ఎక్కడా మెత్తదనం లేదు, ఉండాల్సిన పనీ లేదు.

కానీ ఈ డైరీ గురించి జరిగిన సన్మానాల్లో వినపడని సంగతొకటుంది. చదువుకున్న మధ్యతరగతి కుటుంబం నుంచి వచ్చిందన్న కారణానికి పార్టీ ఆమెని అనుమానిస్తుంది, సభ్యత్వం నెలల తరబడి నానుస్తుంది. ప్రాణం పణంగా పెట్టి పనిచేస్తున్న మనిషి, తన చుట్టూ ఉన్న చిన్నబుద్ధుల గురించి, అసూయల గురించి రాత్రిపూట ఒంటరిగా రాసుకుంటుంది. 1968 సెప్టెంబరులో సభ్యత్వం వచ్చేసరికి ఆ సంతోషం మీద అప్పటికే పొరలు కమ్మి ఉన్నాయి.

ప్రేమా ఫిర్యాదూ ఒకే పేజీలో ఉండటం మనకి కొత్త కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాటపు స్త్రీలు మాట్లాడింది ఇలాగే కదా! పార్టీ తమకిచ్చిన రెక్కల గురించీ, పోరాటం ఆగాక ఇంటికి పొమ్మన్న మాట గురించీ ఒకే గొంతుతో చెప్పారు. తేడా ఏమిటంటే వాళ్ళు బతికుండి చెప్పారు. ట్రామ్‌ని ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యలేరు, ఆమె కూడా ఎవరినీ వెయ్యలేదు. ఇరవై ఏడేళ్ళ దగ్గర ఆగిపోయిన మనిషి భూసంస్కరణల గురించి పుస్తకం రాయదు.

2005 అన్న ఏడాదిని కూడా చూడాలి. అమెరికాతో దౌత్య సంబంధాలు 1995లో మొదలయ్యాయి, వాణిజ్య ఒప్పందం 2001లో అమలుకొచ్చింది. 2005 జూన్‌లో ప్రధాని ఫాన్ వాన్ ఖాయ్ వాషింగ్టన్ వెళ్ళాడు, యుద్ధం ముగిశాక ఆ స్థాయి నాయకుడు వెళ్ళడం అదే మొదలు. శత్రు సైనికుడు దాచిన డైరీ తల్లి చేతికి రావడం కంటే ఆ సమయానికి తగిన కథ ఏముంటుంది? ట్రామ్ నిజాయితీని నేను శంకించడం లేదు. ఆమె నిజాయితీ ఇద్దరు ప్రభుత్వాలకీ అక్కరకొచ్చిందంటున్నాను.

హువాంగ్ ఎవరికీ అక్కరకు రాలేదు. 1975లో సైగాన్‌లో అడుగుపెట్టి, అక్కడి పుస్తకాల దుకాణాల్లో ప్రపంచ సాహిత్యం బహిరంగంగా అమ్మడం చూసి ఏడ్చానని ఆమె చెప్పింది. 1979లో చైనా దాడి చేస్తే మళ్ళీ సరిహద్దుకి వెళ్ళింది, ఈసారి విలేఖరిగా. 1986లో 'దోయ్ మోయ్' సంస్కరణలు వచ్చాయి. మరుసటి ఏడు పార్టీ ప్రధాన కార్యదర్శి న్గుయెన్ వాన్ లిన్ రచయితలని పిలిచి, మీ కట్లు మీరే విప్పుకోండన్నాడు. ఆమె నిజంగానే విప్పుకుంది. 1988లో వచ్చిన నవల, ఇంగ్లీషులో 'పారడైజ్ ఆఫ్ ది బ్లైండ్', వేలల్లో అమ్ముడుపోయాక నిషేధానికి గురైంది. తర్వాత ఆమెని పార్టీ నుంచి వెళ్ళగొట్టారు. 1991లో విచారణ లేకుండా ఏడు నెలలు నిర్బంధించారు. కట్లు విప్పుకోమన్న పెద్దమనిషే తనని బూతుమాట అన్నాడని ఆమె తర్వాత చెప్పింది. రాసే ఆడదాన్ని తిట్టడానికి ఏ దేశంలోనైనా మాటలు వెతుక్కోనక్కర్లేదు.

నవల రైలులో నడుస్తుంది. సోవియట్ యూనియన్‌కి కూలీగా వెళ్ళిన హాంగ్ అనే అమ్మాయి, జబ్బుపడ్డ మేనమామ కోసం మాస్కోకి ప్రయాణిస్తూ తన కుటుంబాన్ని తలుచుకుంటుంది. ఆ మేనమామ చిన్ పార్టీ మనిషి. 1950ల భూసంస్కరణల్లో సొంత అక్క అత్తవారింటినే భూస్వాములని ముద్రవేసి కూల్చాడు. బావ ఊరొదిలి పారిపోయాడు. 1956లో ప్రభుత్వమే తప్పులు జరిగాయని ఒప్పుకుని దిద్దుబాటు మొదలుపెట్టింది. ఇళ్ళు తిరిగొచ్చాయి, మనుషులు రాలేదు.

ఇక్కడివరకూ ఇది రాజకీయ నవల. నన్ను పట్టుకున్నది మాత్రం ఇందులోని వంటలు. హాంగ్ తల్లి క్వే హనోయ్ వీధుల్లో చిల్లర తినుబండారాలు అమ్ముకుంటుంది. తనని నాశనం చేసిన తమ్ముడి పిల్లలకి మాంసం కొని పంపుతుంది, సొంత కూతుర్ని పస్తులుంచుతుంది. తమ్ముడి కొడుకులు వంశం, కూతురు పరాయి. పల్లెలో మేనత్త తామ్ రెక్కలు ముక్కలు చేసుకుని సంపాదించి, తమ వంశానికి మిగిలిన ఒక్క నలుసని హాంగ్‌కి విందులు పెడుతుంది. ఆ విస్తళ్ళలో ప్రేమ ఎంతుందో పగ అంతుంది. ఇద్దరు స్త్రీలూ వడ్డనతోనే యుద్ధం చేస్తారు. రాజ్యం ఒక వంశాన్ని కూల్చింది, వీళ్ళిద్దరూ వంశం అన్న భావాన్ని మాత్రం తమ ఒళ్ళు అరగదీసి నిలబెట్టారు. 1965లో మహిళా సంఘం ఉత్పత్తి, ఇల్లు, అవసరమైతే యుద్ధం అని 'మూడు బాధ్యతలు' మోపింది. యుద్ధం అయిపోయాక వాటిలో ఏదీ తగ్గించినట్టు ఈ నవలలో కనపడదు.

లోపాలున్నాయి. చిన్ పాత్ర చివరికొచ్చేసరికి వ్యంగ్య చిత్రమైపోతాడు, అతనిలో ఒకప్పుడు ఉన్న నమ్మకం ఏమైందో రచయిత్రి అడగదు. ఒకప్పుడు తనూ అలాగే నమ్మిందనేమో, ఆ కోపంలో అతనికి చోటు మిగల్లేదు. 1993లో అమెరికాలో ఇంగ్లీషులో అచ్చయిన తొలి వియత్నాం నవల ఇదేనని ప్రచారం చేసిన వాళ్ళకి ఆ లోపమే నచ్చి ఉంటుంది. ఓడిన దేశానికి, గెలిచినవాళ్ళ చెడు చెప్పే ఆడమనిషి దొరికింది. క్వే, తామ్‌ల గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. హనోయ్ నవలని నోరు నొక్కడం ద్వారా, న్యూయార్క్ మెచ్చుకోవడం ద్వారా ఒకే భాగాన్ని వదిలేశాయి.

డైరీ వచ్చిన మరుసటి ఏడాది, 2006లో, హువాంగ్ పారిస్ వెళ్ళిపోయింది. ట్రామ్ డైరీ అసలు ప్రతి టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది.

ఇదంతా పాతకథ అనుకునేవాళ్ళ కోసం ఇంకొక పేరు. ఫామ్ డోవాన్ ట్రాంగ్, పత్రికా రచయిత్రి. అచ్చు సంస్థలన్నీ రాజ్యం అదుపులో ఉండే దేశంలో ఆమె పుస్తకాలు రహస్యంగా అచ్చయి చేతులు మారాయి. 2020 అక్టోబరు 6న అమెరికా, వియత్నాం ఏటా జరిపే మానవ హక్కుల చర్చలు ముగించాయి. ఆ రాత్రే ఆమెని అరెస్టు చేశారు. 2021 డిసెంబరులో హనోయ్ కోర్టు తొమ్మిదేళ్ళ శిక్ష వేసింది. 2023 సెప్టెంబరులో బైడెన్ హనోయ్ వచ్చి రెండు దేశాల స్నేహాన్ని అత్యున్నత స్థాయి భాగస్వామ్యంగా ప్రకటించిన రోజున ఆమె జైల్లోనే ఉంది.