మిగిలిన కాగితాలు, మిగిల్చిన కాగితాలు

యూదు కుటుంబాలు ఒక నగరంలో ఎలా బతికాయో చెప్పే కాగితాల రాశుల్లో రెండు లోకప్రసిద్ధం. ఒకటి పాత కైరోలోని ఫుస్తాత్‌లో, బెన్ ఎజ్రా ప్రార్థనాలయపు గెనీజా గదిలో దొరికింది. రెండోది నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా ఘెట్టోలో చరిత్రకారుడు ఎమాన్యుయెల్ రింగెల్బ్లూమ్ బృందం భూమిలో పాతిపెట్టింది. మొదటిది ఎవరి ప్రమేయమూ లేకుండా మిగిలింది కాబట్టి కల్తీలేని సాక్ష్యమనీ, రెండోది భావితరాల కోసం రాసింది కాబట్టి ఆచితూచి నమ్మాలనీ అనిపించడం సహజం. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఆ అభిప్రాయం నిలవదు.

దేవుడి పేరున్న రాతను పారేయకుండా గెనీజా అనే గదిలో దాచడం యూదుల ఆచారం. ఫుస్తాత్ వాళ్లు ఉత్తరాలూ పద్దులూ కూడా ఆ గదిలోనే పడేశారు. 1896-97లో పండితుడు సాలమన్ షెక్టర్ కేంబ్రిడ్జికి తరలించినవే లక్షా తొంభై వేలకు పైగా ముక్కలు. వాటిలోని పెళ్లి ఒప్పందాలు చూస్తే ఇల్లు కళ్లకు కడుతుంది. పెళ్లికూతురు తెచ్చుకున్న నగలు, బట్టలు, పరుపులు, రాగి సామాను, ఒక్కోదానికీ దీనార్లలో విలువ. కొన్నింటిలో ఆమె ఒప్పుకోకుండా రెండో పెళ్లి చేసుకోనని భర్త మాటిస్తాడు. దూరదేశం వ్యాపారానికి పోయేవాడు, గడువులోగా తిరిగి రాకపోతే ఆమె మళ్లీ పెళ్లి చేసుకునేలా షరతుతో విడాకులు రాసిచ్చి పోతాడు. పిల్లలు అక్షరాలు దిద్దిన కాగితాలూ ఉన్నాయి. తత్త్వవేత్త మైమోనిడీస్‌కు తమ్ముడు డేవిడ్ ఎర్రసముద్రపు రేవు నుంచి రాసిన ఉత్తరమూ ఉంది. ఇండియాకు బయలుదేరిన ఆ తమ్ముడు సముద్రంలోనే పోయాడు.

ఇంత సంపద ఉన్నా దాని లోటు దానికుంది. కోర్టుకెక్కిన తగాదా మిగిలింది, ఇంట్లోనే సర్దుకున్నది పోయింది. వర్తకుడి గొంతు మనకు నేరుగా వినిపిస్తుంది. ఆడవాళ్ల ఉత్తరాలు చాలావరకు లేఖకుడి చేతిమీదుగా వచ్చినవే. నిరుపేదల్లో చాలామంది దానధర్మాల జాబితాలో ఒక పేరు, ఇన్ని రొట్టెలు అన్నంతవరకే కనిపిస్తారు. ఎలా బతుకుతున్నావమ్మా అని వాళ్లను అడిగినవాడు లేడు. చరిత్రకారుడు ఎస్.డి. గొయిటైన్ దశాబ్దాలు కూర్చుని ఐదు సంపుటాలు రాస్తే తప్ప ఈ కుప్ప ఒక సమాజంగా రూపు కట్టలేదు.

వార్సాలో ఆ అడిగేవాడు ముందే ఉన్నాడు. రింగెల్బ్లూమ్ డాక్టరేట్ చేసింది 1527 దాకా వార్సా యూదుల చరిత్ర మీదే. పాత దస్తావేజుల్లో ఎవరు కనిపించరో ఆయనకు తెలుసు. 1940 నవంబరులో, ఘెట్టోను మూసేసిన నెలలోనే, ‘ఓయ్నెగ్ షబ్బెస్’ బృందాన్ని కూడగట్టాడు. ఆడవాళ్ల బతుకుల మీద సెసిలియా స్లాపకోవా ఇంటర్వ్యూలు చేసింది. ఉత్తరాలు పంచే పెరెట్జ్ ఒపొచిన్‌స్కీ తాను ఎక్కిదిగిన ఇళ్ల లోగిళ్ల గురించి రాశాడు. ఉచిత భోజనశాల నడిపిన రాహెల్ ఆవర్‌బాఖ్ అక్కడికొచ్చే ఆకలిని రాసింది. వీటితోపాటు బడిపిల్లల వ్యాసాలు, రేషన్ కార్డులు, ట్రాము టికెట్లు, మిఠాయి కాగితాలు కూడా చేర్చారు. నా దృష్టిలో ఈ సంగ్రహం గొప్పతనం ఇక్కడే ఉంది. తమ రాతలు మాత్రమే సాక్ష్యానికి చాలవని వీళ్లు గ్రహించారు. గెనీజాలో యాదృచ్ఛికంగా చేరిన చిల్లర కాగితాలను వీళ్లు పనిగట్టుకుని ఏరారు. గెనీజాలో ఇలాంటి ఎంపిక లేదు, ఉండే అవకాశమూ లేదు.

1942 ఆగస్టులో, జనాన్ని ట్రెబ్లింకా మరణశిబిరానికి రైళ్లెక్కిస్తున్న రోజుల్లో, మొదటి భాగాన్ని పది రేకుపెట్టెల్లో నొవోలిప్కి వీధి బడి కింద పాతారు. రెండో భాగం 1943 ఫిబ్రవరిలో రెండు పాలక్యాన్లలో దిగింది. పెట్టెలు 1946లో దొరికాయి, లోపలికి నీళ్లు చేరి కాగితాలు దెబ్బతిన్నాయి. క్యాన్లు 1950లో బయటపడ్డాయి. మొత్తం సుమారు 35,000 పేజీలు. రింగెల్బ్లూమ్‌ను, ఆయన భార్యను, కొడుకును 1944 మార్చిలో చంపేశారు. బృందంలో బతికి బయటపడ్డవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే.

కాబట్టి ఏది ఎక్కువ నమ్మదగింది అని బేరీజు వేస్తే నా ఓటు వార్సాకే. విస్తృతిలో, కాలవ్యాప్తిలో ఫుస్తాత్‌కు అది సాటి రాదు. ఒకటి శతాబ్దాల నగరం, రెండోది రెండు మూడేళ్ల నరకం. అయినా పేదవాణ్ని, ఆడమనిషిని, పసివాణ్ని అడిగి రాసుకున్న సంగ్రహం వార్సాదే. కుటుంబ చరిత్ర మీద పనిచేయాలనుకునే మన పరిశోధక విద్యార్థులు ముందు రింగెల్బ్లూమ్ సంగ్రహం చదవాలి, ఆ ప్రశ్నలతో గెనీజా దగ్గరికి వెళ్లాలి.